మీ ఎంపీ, ఎమ్మెల్యే లెక్కలు చూడాలంటే: ఐదు దారులు, ఎవరికి ఏది సరిపోతుంది

"మా ఎంపీ ఐదేళ్లలో ఏం చేశారు?" అనే ప్రశ్నకు జవాబు ఒక్కచోట దొరకదు. సభలో మాట్లాడినవి ఒక చోట, ఆస్తుల వివరాలు మరో చోట, ఎన్నికల ఖర్చు ఇంకో చోట, నియోజకవర్గ నిధుల లెక్క వేరే చోట ఉంటాయి. చాలామంది మొదట కనపడిన సైట్ తెరిచి, హాజరు శాతం చూసి, ఒక అభిప్రాయానికి వచ్చేస్తారు. హాజరు శాతం అన్నిటికంటే తేలికగా దొరుకుతుంది కానీ అన్నిటికంటే తక్కువ చెబుతుంది.

ఏ దారి ఎంచుకోవాలన్నది మీరు అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. అందుకే ముందు వేటిని బట్టి ఎంచుకోవాలో చెప్పి, తర్వాత ఒక్కో దారి గురించి రాస్తున్నాను.

## ఎంచుకునే ముందు

మొదట చూడాల్సింది, ఆ సమాచారం ఎవరి మాట అన్నది. సభ సచివాలయం నమోదు చేసిన రికార్డు వేరు, నాయకుడు తన సంతకంతో ప్రకటించుకున్నది వేరు. నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం (అఫిడవిట్)లో భూమి పక్కన రాసిన విలువ ఆయన సొంత అంచనా. రెండింటినీ ఒకే నమ్మకంతో చదవకూడదు.

తర్వాత, అది ఎమ్మెల్యేకు కూడా పనికొస్తుందా అన్నది. రోడ్డు కోసమో, పింఛను కోసమో మనం వెళ్లేది ఎమ్మెల్యే దగ్గరికే. కానీ సమాచారం చక్కగా అమర్చిన పోర్టళ్లలో ఎక్కువ భాగం ఎంపీల చుట్టూనే ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 175 మంది, తెలంగాణలో 119 మంది ఎమ్మెల్యేలు ఉంటే, వారి గురించి అంత సులువుగా తెలుసుకునే వీలు లేకపోవడం నిజంగా బాధపెట్టే విషయం.

మూడోది, మీ కంటితో సరిచూసుకునే వీలుందా అన్నది. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం. పార్లమెంటులో అడిగిన ప్రశ్నల సంఖ్య మీ ఊరి నుంచి తేలేది కాదు. కానీ కమ్యూనిటీ హాలుకు నిధులు ఖర్చయ్యాయని పోర్టల్లో ఉంటే, ఆ హాలు ఉందో లేదో వెళ్లి చూడొచ్చు.

ఇక సమయం, ఖర్చు. దాదాపు అన్నీ ఉచితమే, సమయంలోనే తేడా.

| దారి | తెలిసేది | ఎవరి మాట | ఎమ్మెల్యేకు పనికొస్తుందా | పట్టే సమయం |
|---|---|---|---|---|
| పార్లమెంటు సైట్, పీఆర్‌ఎస్ | హాజరు, ప్రశ్నలు, చర్చలు, అరుదుగా ఓటు | సభ రికార్డు | కొంతవరకే | అరగంట |
| ఎన్నికల అఫిడవిట్ | ఆస్తులు, అప్పులు, ఆదాయం, కేసులు | అభ్యర్థి ప్రమాణం | పూర్తిగా | గంట, రెండు గంటలు |
| ఎన్నికల ఖర్చు లెక్క | ప్రచార ఖర్చు, ఆ డబ్బు ఎక్కడిది | అభ్యర్థి లెక్క, అధికారుల పరిశీలన | పూర్తిగా | ఒక పూట |
| ఎంపీల్యాడ్స్ (ఎంపీ నియోజకవర్గ అభివృద్ధి నిధులు) పోర్టల్ | పనుల సిఫార్సు, మంజూరు, ఖర్చు | జిల్లా యంత్రాంగం | లేదు | గంట, వెళ్లి చూస్తే ఒక రోజు |
| సమాచార హక్కు దరఖాస్తు | పై నాలుగింటిలో లేనివి | కార్యాలయ ఫైలు | పూర్తిగా | నెల, అప్పీలుకు వెళ్తే ఇంకా ఎక్కువ |

## సభలో పనితీరు, ఓటు రికార్డు

ఎంపీల విషయంలో రెండు చోట్ల చూడొచ్చు. ఒకటి పార్లమెంటు అధికారిక సైట్ సంసద్. చర్చల పూర్తి పాఠం, ప్రశ్నలు, మంత్రుల జవాబులు అన్నీ అందులో ఉంటాయి. రెండోది పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్. 2005లో మొదలైన ఈ సంస్థ ఒక్కో ఎంపీకి ఒక్కో పేజీ పెట్టి హాజరు, ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు సభ్యుల (మంత్రులు కానివారి) బిల్లులు లెక్కగట్టి, జాతీయ సగటుతో, రాష్ట్ర సగటుతో పోల్చి చూపిస్తుంది. త్వరగా ఒక అంచనా కావాలంటే పీఆర్‌ఎస్, అసలు మాటలు చదవాలంటే సంసద్.

అంకెలు చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. మంత్రులు హాజరు పట్టీలో సంతకం చేయరు, ప్రశ్నలు అడగరు, జవాబులే చెబుతారు. కాబట్టి మీ ఎంపీ కేంద్రమంత్రి అయితే ఆ పేజీ ఖాళీగా కనిపిస్తుంది. అది నిర్లక్ష్యం కాదు. అలాగే హాజరు అంటే ఆ రోజు సభకు వచ్చారన్న నమోదు మాత్రమే. ఎంతసేపు కూర్చున్నారో అది చెప్పదు. ప్రశ్నల సంఖ్యకంటే ప్రశ్నలు దేని గురించో చదవండి. మీ జిల్లా సాగునీటి ప్రాజెక్టు గురించి అడిగిన నాలుగు ప్రశ్నలు, ఏ నియోజకవర్గానికైనా అతికే నలభై ప్రశ్నలకంటే ఎక్కువ చెబుతాయి. బిల్లులను, శాఖల పనిని పరిశీలించే ఎంపీల కమిటీలైన స్థాయీ సంఘాల నివేదికల చివర సమావేశాల మినిట్స్ ఉంటాయి, ఎవరెవరు వచ్చారో అందులో పేర్లతో సహా రాస్తారు. కెమెరాలు లేనిచోట పనిచేసే ఎంపీ ఎవరో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఆధారం నాకు తెలియదు. చదివేవాళ్లే తక్కువ.

ఇక ఓటు సంగతి. మా ఎంపీ ఫలానా బిల్లుకు ఎటు ఓటేశారో చూద్దామని మొదలుపెట్టేవారు సగం దారిలోనే ఆగిపోతారు. ఎందుకంటే మన సభల్లో ఎక్కువ బిల్లులు మూజువాణి ఓటుతో నెగ్గుతాయి. అవును అనేవారు అవును అంటారు, కాదు అనేవారు కాదు అంటారు, సభాధ్యక్ష స్థానం ఫలితం ప్రకటిస్తుంది. పేర్లు నమోదు కావు. మన రాష్ట్రం అనుభవమే చూడండి. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లును 2014 జనవరి 30న రాష్ట్ర శాసనసభ తిరస్కరించింది మూజువాణి ఓటుతోనే. ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించిందీ మూజువాణి ఓటుతోనే. తెలుగువారి జీవితాల్ని ఇంతగా మార్చిన బిల్లు మీద ఏ సభ్యుడు ఎటు నిలబడ్డారో పేరుపేరునా చెప్పే ఓట్ల జాబితా ఈ రెండు ఆమోద, తిరస్కరణల్లో దేనికీ లేదు.

పేర్లు నమోదయ్యేది డివిజన్ (ఒక్కొక్కరి ఓటూ లెక్కపెట్టే ఓటింగ్) జరిగినప్పుడే. సభ్యులు పట్టుబడితే డివిజన్ పెడతారు. రాజ్యాంగ సవరణ బిల్లులకు ప్రత్యేక మెజారిటీ కావాలి కాబట్టి లెక్క తప్పనిసరి. 2023 సెప్టెంబరులో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అని ఇవాళ నిస్సందేహంగా చెప్పగలుగుతున్నామంటే డివిజన్ జరగడం వల్లే. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు 288–232తో లోక్‌సభలో నెగ్గింది, దానికీ పేర్లున్నాయి. ఈ జాబితాలు ఆ రోజు చర్చల పాఠంలో దొరుకుతాయి. సభలో అప్పటికప్పుడు ప్రకటించే అంకెలు సవరణలకు లోబడి ఉంటాయి కాబట్టి టీవీలో చూసిన దానికంటే తర్వాత వచ్చిన అధికారిక పాఠాన్నే నమ్మండి.

జాబితా దొరికినా ఇంకో చిక్కుంది. 1985లో రాజ్యాంగ 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూల్ (పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం) ప్రకారం పార్టీ విప్‌ను, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని ధిక్కరించి ఓటేస్తే సభ్యత్వానికే ముప్పు. అందువల్ల ఓటు చెప్పేది ఎక్కువగా పార్టీ నిర్ణయాన్నే. వ్యక్తి గురించి తెలుసుకోవాలంటే చర్చలో ఏం మాట్లాడారు, ఏ సవరణ ప్రతిపాదించారు, ఓటింగ్ రోజు సభలో ఉన్నారా అన్నవి చూడాలి. ఇతర దేశాల్లో మాదిరిగా ఓటు రికార్డుతోనే నాయకుణ్ని అంచనా వేయాలనుకుంటే ఇక్కడ నిరాశే మిగులుతుంది.

ఎమ్మెల్యేల విషయంలో ఈ దారి ఇంకా ఇరుకు. శాసనసభ సైట్లలో చర్చల పాఠాలు ఉంటాయి కానీ సభ్యుడి పేరుతో వెతికి ఒక్కచోట చూసే సౌకర్యం పార్లమెంటు సైట్‌లో ఉన్నంతగా లేదు. సమావేశాల ప్రత్యక్ష ప్రసారాల వీడియోలు, మరుసటి రోజు జిల్లా ఎడిషన్ వార్తలు ఇక్కడ ఎక్కువ ఉపయోగపడతాయి.

## అఫిడవిట్లు

ఒక్క గంటే ఉంది, ఒక్క దారే చూడగలను అంటే, నా సలహా ఇదే. ఎంపీ అయినా ఎమ్మెల్యే అయినా నామినేషన్‌తో పాటు ఫారం 26లో ప్రమాణపత్రం ఇవ్వాలి. 2002, 2003 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల ఈ హక్కు ఓటరుకు దక్కింది. అభ్యర్థి, జీవిత భాగస్వామి, ఆధారపడినవారి స్థిర, చరాస్తులు, అప్పులు, ఐదేళ్ల ఆదాయపన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం, పెండింగ్ కేసులు, శిక్షలు, చదువు అన్నీ అందులో ఉంటాయి. తప్పుడు వివరాలిస్తే ఆరు నెలల వరకు జైలుశిక్ష పడే వీలుంది.

చూసేందుకు రెండు చోట్లున్నాయి. ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్లో స్కాన్ చేసిన అసలు కాగితాలుంటాయి. అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ (ఏడీఆర్) నడిపే మైనేత సైట్‌లో అదే సమాచారం పట్టికలుగా, గత ఎన్నికలతో పోల్చుకునేలా ఉంటుంది. మైనేతలో మొదలుపెట్టి, ఏదైనా అంకె ఆశ్చర్యంగా అనిపిస్తే అసలు కాగితం తెరిచి సరిచూసుకోండి. చేతిరాత స్కాన్ల నుంచి ఎక్కించిన అంకెల్లో పొరపాటుకు అవకాశం ఉంటుంది.

ఒకే నాయకుడి రెండు ఎన్నికల అఫిడవిట్లు పక్కపక్కన పెట్టండి. పత్రికలు మొత్తం ఆస్తి ఎన్ని రెట్లు పెరిగిందో శీర్షిక పెడతాయి. ఆ అంకె ఒక్కటే చూస్తే తప్పుదారి పడతాం. రాజధాని దగ్గరో, బైపాస్ పక్కనో తాతల నాటి పొలం ఉంటే ఏమీ కొనకుండానే విలువ పెరుగుతుంది. ఫారం 26లో సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వంగా వచ్చిందా, కొన్నారా, కొంటే ఎప్పుడు, ఎంతకు అన్న గడులుంటాయి. రెండో అఫిడవిట్‌లో కొత్తగా చేరిన సర్వే నంబర్లు ఏవి? అవి కొన్న సంవత్సరాల్లో రిటర్నుల్లో చూపిన ఆదాయం ఎంత? అప్పులు ఏమైనా పెరిగాయా? ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబులు "పది రెట్లు పెరిగింది" అన్న మాటకంటే ఎంతో విలువైనవి.

కేసుల గడిలోనూ తొందరపడొద్దు. ధర్నాలో పాల్గొన్నందుకు పెట్టిన కేసు, హత్యాయత్నం కేసు రెండూ ఒక్కో కేసుగానే లెక్కకొస్తాయి. సెక్షన్లు చదవండి, కోర్టు అభియోగాలు నమోదు చేసిందా లేదా చూడండి.

దీని లోపాలు కూడా చెప్పాలి. సొంతంగా సంపాదించుకునే పెద్ద పిల్లలు, అన్నదమ్ములు, బావమరుదుల ఆస్తులు ఇందులో రావు. గెలిచాక మధ్యలో ఏం జరిగిందో తర్వాతి ఎన్నిక దాకా కనపడదు.

## ఎన్నికల ఖర్చు, విరాళాలు

పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి రూ.95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థి రూ.40 లక్షలకు మించి ఖర్చు చేయకూడదని 2022 జనవరిలో పరిమితి సవరించారు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఇవ్వకపోతే మూడేళ్ల వరకు పోటీకి అనర్హత వేయొచ్చు. ఆ లెక్కలో సొంత డబ్బెంత, పార్టీ ఇచ్చిందెంత, ఇతరుల విరాళం, అప్పు ఎంత అని విడివిడిగా ఉంటుంది. ఎవరైనా నామమాత్రపు రుసుము కట్టి చూడొచ్చు, నకళ్లు తీసుకోవచ్చు.

ఈ అంకెలు నిజమైన ఖర్చు అని నేను నమ్మను, మీరూ నమ్మరు. మన పల్లెల్లో ఎన్నికలు చూసినవారికి వివరించక్కర్లేదు. పైగా చట్టం లెక్కలోకి తీసుకునేది నామినేషన్ రోజు నుంచి ఫలితం రోజు దాకానే. స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చు అభ్యర్థి ఖాతాలో పడదు, పార్టీల ఖర్చుకు అసలు పరిమితే లేదు.

అయినా ఈ దారిని కొట్టిపారేయొద్దు. అధికారులు ప్రచార సమయంలో ప్రతి అభ్యర్థికీ విడిగా ఒక షాడో రిజిస్టరు నడుపుతారు. సభలు, వాహనాలు, ఫ్లెక్సీలు తమ వీడియో బృందాలు చూసిన మేరకు రాసుకుంటారు. అభ్యర్థి లెక్కకూ, ఈ రిజిస్టరుకూ ఎక్కడ తేడా వచ్చిందో జిల్లా ఎన్నికల అధికారి నివేదికలో ఉంటుంది. అసలు కథ ఆ తేడాలోనే. విలేకరులకు ఇది మంచి పని. మామూలు ఓటరుకు పెట్టిన సమయానికి తగ్గ ఫలితం రాదు.

విరాళాల విషయానికొస్తే, మన దగ్గర డబ్బు అభ్యర్థికంటే పార్టీ దగ్గరికే ఎక్కువ వెళ్తుంది. రూ.20 వేలు మించిన విరాళాల జాబితా పార్టీలు ఏటా ఎన్నికల సంఘానికి ఇవ్వాలి, అవి సంఘం సైట్‌లో ఉంటాయి. దాత పేరు బయటికి రాకుండా పార్టీలకు విరాళమిచ్చే ఎలక్టోరల్ బాండ్లను సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టేశాక, మార్చిలో ఏ కంపెనీ ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో బయటికొచ్చింది. మీ జిల్లాలో కాంట్రాక్టులు చేసే కంపెనీ పేరు ఆ జాబితాలో ఉందేమో వెతకడానికి పది నిమిషాలు చాలు. కానీ పార్టీకి చేరిన డబ్బు మీ ఎమ్మెల్యే దాకా ఎలా వచ్చిందో ఏ కాగితమూ చెప్పదు.

## జీతభత్యాలు, నియోజకవర్గ నిధులు

ఈ రెండింటినీ కలిపి మాట్లాడటం మామూలైపోయింది, విడదీసి చూడాలి. ఎంపీ జీతం నెలకు రూ.1.24 లక్షలు, సమావేశాల రోజుల్లో దినభత్యం రూ.2,500. 2025 మార్చిలో ప్రకటించిన ఈ పెంపు 2023 ఏప్రిల్ నుంచి వర్తించింది. వీటితో పాటు నియోజకవర్గ భత్యం, ఆఫీసు ఖర్చుల భత్యం ఉంటాయి. ఇవన్నీ నిర్ణీత మొత్తాలు కాబట్టి ఎంపీకీ ఎంపీకీ పోల్చడానికి ఏమీ ఉండదు. తేడా కనపడేది ప్రయాణాల బిల్లుల్లో. దానికి ఆర్టీఐ (సమాచార హక్కు దరఖాస్తు) వేయాలి.

ఎంపీల్యాడ్స్ నిధులు వేరు. ఏటా రూ.5 కోట్లు. ఈ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన పని సిఫార్సు చేస్తారు, కలెక్టర్ యంత్రాంగం మంజూరు చేసి చేయిస్తుంది. 2023 ఏప్రిల్ నుంచి ఈ లెక్కలన్నీ ఈ-సాక్షి పోర్టల్‌కు మారాయి. అంతకుముందు నాటి పనుల వివరాలకు కలెక్టరేట్‌నే అడగడం మేలు.

ఇక్కడ ఖర్చు శాతం చూసి ఎంపీని తిట్టే ముందు ఎక్కడ ఆగిందో చూడండి. సిఫార్సులే తక్కువగా ఉంటే బాధ్యత ఎంపీది. సిఫార్సు చేసి ఏడాదైనా మంజూరు కాకపోతే కలెక్టరేట్‌ను అడగాలి. మంజూరై పని మొదలు కాకపోతే ఇంజినీరింగ్ శాఖను అడగాలి. ఏటా ఇచ్చే నిధుల్లో 15 శాతం ఎస్సీ, 7.5 శాతం ఎస్టీ జనాభా ఉండే ప్రాంతాలకు సిఫార్సు చేయాలన్న నిబంధన కూడా సరిచూడండి. పూర్తయిన ప్రతి పని దగ్గరా ఎంపీల్యాడ్స్ నిధులతో కట్టినట్టు ఫలకం ఉండాలి. జాబితా ప్రింట్ తీసుకుని వెళ్లి, ఆ ఫలకం ఉందో లేదో చూసి ఫొటో తీయడం ఊళ్లో ఎవరైనా చేయగల పని. లక్ష్యం చిన్నదిగా పెట్టుకోండి, మీ మండలం ఒక్కటి చాలు.

రాజ్యసభ సభ్యులు తాము ఎన్నికైన రాష్ట్రంలో ఏ జిల్లాకైనా సిఫార్సు చేయొచ్చు. మీ జిల్లాలో వారి పనులు ఉన్నాయేమో వెతకడం చాలామందికి తట్టదు.

## సమాచార హక్కు దరఖాస్తు

ఎమ్మెల్యే నిధులు, ప్రయాణ భత్యాలు, పోర్టల్లో లేని పాత పనులు: వీటికి ఆర్టీఐ తప్ప వేరే గట్టి దారి లేదు. ఎమ్మెల్యే సిఫార్సు చేసిన పనులకు మీ జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయాన్ని, ఎంపీ ప్రయాణ బిల్లులకు లోక్‌సభ లేదా రాజ్యసభ సచివాలయాన్ని అడగాలి. కేంద్ర కార్యాలయాలకు రుసుము రూ.10. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో రూ.5, ఆపైన రూ.10.

దరఖాస్తులో "ఎమ్మెల్యే నిధులు ఎందుకు దుర్వినియోగం అయ్యాయి?" అని రాస్తే జవాబు రాదు. చట్టం ఇచ్చేది ఉన్న రికార్డునే, వివరణను కాదు. ఇలా అడగండి: "ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా నియోజకవర్గ ఎమ్మెల్యే సిఫార్సు చేసిన పనుల జాబితా, ప్రతి పనికీ మంజూరైన మొత్తం, చెల్లించిన మొత్తం, కాంట్రాక్టరు పేరు, పని పూర్తయిన తేదీ, ఎం-బుక్ (పని కొలతల పుస్తకం) నకలు." వ్యక్తిగత సమాచారం అన్న కారణంతో తిరస్కరించే వీలు చట్టంలో ఉంది, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఆ మినహాయింపును ఇంకా వెడల్పు చేసింది. కాబట్టి మనిషి చుట్టూ కాకుండా పని చుట్టూ, ప్రజాధనం చుట్టూ ప్రశ్న అల్లండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది అసంపూర్ణమైనా, మరో 30 రోజుల్లోపు అదే కార్యాలయంలో మొదటి అప్పీలు వేయాలి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు.

## మీకు ఏది?

ఓటు వేసే ముందు ఒక నిర్ణయానికి రావాలనుకునే ఓటరుకు పాత, కొత్త అఫిడవిట్లు చాలు. ఎంపీ అయితే వాటికి పీఆర్‌ఎస్ పేజీ కలపండి. అంతకంటే టెన్షన్ పడక్కర్లేదు.

ఊళ్లో యువజన సంఘమో, మహిళా సంఘమో ఉంటే ఎంపీల్యాడ్స్ జాబితా తీసుకుని పనులు చూసి రావడంతో మొదలుపెట్టండి. కనపడని పని ఒక్కటి తేలినా, దాని మీద వేసే ఆర్టీఐకి బలం ఉంటుంది. దరఖాస్తు వేసినవారి మీద స్థానికంగా ఒత్తిడి వస్తుందన్న భయం నిజమైనదే. అందుకే ఒక్కరి పేరుతో కాకుండా నలుగురైదుగురు వేర్వేరు దరఖాస్తులు వేయడం మంచిది.

విలేకరులకు, పరిశోధన చేసే విద్యార్థులకు నా ఓటు ఎన్నికల ఖర్చు నివేదికలకూ, స్థాయీ సంఘాల మినిట్స్‌కూ. అవి ఓపిక అడుగుతాయి, కానీ ఎవరూ రాయనివి అక్కడే దొరుకుతాయి.

విదేశాల్లో ఉన్నవారు ఆన్‌లైన్‌లో దొరికే మొదటి నాలుగు దారులనూ అక్కడి నుంచే చాలావరకు చూడొచ్చు. ఆర్టీఐ మాత్రం భారత పౌరులకే. పాస్‌పోర్టు మారిపోయి ఓసీఐ కార్డుతో ఉన్నవారు ఊళ్లో ఉన్న బంధువు చేత వేయించాలి. భారత పౌరసత్వం ఉన్న ఎన్నారైలు కేంద్ర కార్యాలయాలకు ఎలక్ట్రానిక్ పోస్టల్ ఆర్డరుతో రుసుము కట్టొచ్చు.

ఎవరైనా సరే, నామినేషన్లు ముగిసిన వారంలో మీ నియోజకవర్గ ప్రధాన అభ్యర్థుల అఫిడవిట్లు డౌన్‌లోడ్ చేసి దాచుకోండి. ఓడినవారివి కూడా. ఐదేళ్ల తర్వాత పోల్చేటప్పుడు అవే అవసరమవుతాయి.